ఐదు నెలల పాపకు ఏ బొమ్మలు ఉంచాలి, ఏవి తీసెయ్యాలి?

కర్నూలు_చిట్టితల్లి | సోమవారం, రాత్రి 10.15

అందరికీ నమస్కారం. మాది కర్నూలు, సి క్యాంపు దగ్గర. పాపకు ఐదు నెలలు నిండాయి. పోయిన వారం నుంచి చేతికి ఏది అందితే అది నోట్లోకే. నా మెళ్లో సూత్రాలు, మా ఆయన కళ్లద్దాల కాడ, దుప్పటి అంచు, ఏదీ వదలడం లేదు.

నిన్న సాయంత్రం బొమ్మల బుట్ట మొత్తం చాప మీద కుమ్మరించి కూర్చున్నాను. బారసాలకు వచ్చినవి, మా అన్న తెచ్చినవి, వదిన పిల్లలు ఆడి వదిలేసినవి, అన్నీ కలిపి ముప్పైకి పైనే ఉన్నాయి. లైట్లు వెలిగి పాటలు పాడే ఫోను, ప్లాస్టిక్ కళ్ల టెడ్డీ, నాలుగు గిలకలు, బుల్లి కార్లు, చెక్క గిలక ఒకటి, ఇంకా అట్టపెట్టె కూడా విప్పని వాకర్. టెడ్డీ కన్నును గోటితో పట్టి లాగాను. దారం సాగి, కన్ను ముందుకు వచ్చింది. అప్పట్నుంచి ఒకటే టెన్షన్.

ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో ఎట్లా తెలుసుకోవాలి? మా అత్తమ్మ "మేము పెంచలేదా" అంటారు. ఆమె పెంచిన పిల్లలే కదా మా ఆయనా, మా ఆడపడుచూ. ఆ మాట కాదనలేను, ఈ భయమూ పోవడం లేదు. దయచేసి చెప్పండి.

నర్సక్క_అనంతపురం | సోమవారం, రాత్రి 10.52

చెల్లీ, కన్ను లాగి చూశావు చూడు, అదే సరైన పని. పిల్లల వార్డులో పంతొమ్మిదేళ్లు చేశాను, ఒక్క మాట చెప్తా. ఈ వయసులో పిల్లలకు నోరే చెయ్యి, నోరే కన్ను. వస్తువు మెత్తనో గట్టిదో, చల్లగుందో వెచ్చగుందో అన్నీ నోటితోనే తెలుసుకుంటారు. ఆ అలవాటు మాన్పించకూడదు, మాన్పించలేం కూడా. మనం చూసుకోవాల్సింది నోట్లోకి పోయే వస్తువును.

కొలత ఒకటి గుర్తుపెట్టుకో. బొమ్మల పరీక్షల్లో ఒక చిన్న గొట్టం వాడతారు, దాని వ్యాసం 31.7 మిల్లీమీటర్లు, అంటే ఒకటింపావు అంగుళం. బొమ్మ గానీ, ఊడొచ్చిన ముక్క గానీ అందులో పూర్తిగా పట్టిందంటే మూడేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదు. మన పది రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లు ఉంటుంది. దానికన్నా కాస్త పెద్దదైనా ఆ గొట్టంలో పడిపోతుందన్నమాట. బంతులైతే ఇంకా పెద్దవి ఉండాలి, 44.5 మిల్లీమీటర్లు దాటాలి. టేబుల్ టెన్నిస్ బంతి 40 మిల్లీమీటర్లే, అది కూడా వద్దు.

ఇప్పుడు ఒక్కో బొమ్మనూ తీసుకుని గట్టిగా లాగు, మెలితిప్పు, మోకాలెత్తు నుంచి బండ మీద పడెయ్యి. తర్వాత కాసేపు నీళ్లలో తడిపి మళ్లీ లాగు. పొడిగా ఉన్నప్పుడు గట్టిగా పట్టుకున్న బంక ఉమ్ము తగిలితే వదిలేస్తుంది. పాప చేసేది అదే కదా, రోజంతా నానబెడుతుంది.

బొమ్మలకొట్టు_కడప | సోమవారం, రాత్రి 11.20

అమ్మా, కడపలో మాకు పదకొండేళ్లుగా ఫ్యాన్సీ, ఆటబొమ్మల షాపు ఉంది. షాపువాడిగా నేను చెప్పాల్సినవి రెండున్నాయి.

మొదటిది అట్టపెట్టె మీద గుర్తు. గుండ్రటి గీతలో పిల్లవాడి మొహం, పక్కన 0-3 అని అంకెలు, వాటి మీద అడ్డగీత ఉంటుంది. మా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామంది దాన్ని చూపించి "సున్నా నుంచి మూడేళ్ల పిల్లలకే కదన్నా" అంటారు. కాదు. మూడేళ్లలోపు వాళ్లకు ఇవ్వకూడదని దాని అర్థం. ఆ అడ్డగీత చూడక పసిపిల్లలకు కొనుక్కుపోతున్నారు.

రెండోది ఐఎస్ఐ మార్కు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకు అది తప్పనిసరి. మార్కు మీద ఐఎస్ 9873 అనో, కరెంటుతో గానీ బ్యాటరీతో గానీ నడిచేవైతే ఐఎస్ 15644 అనో ఉంటుంది. కింద సి.ఎం./ఎల్. అని మొదలయ్యే లైసెన్సు నంబరు. మార్కు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు కాబట్టి నమ్మాల్సింది ఆ నంబరును. ఫోన్‌లో బీఐఎస్ (ఈ మార్కు ఇచ్చే సంస్థ) వాళ్ల బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని నంబరు కొడితే ఏ కంపెనీదో, లైసెన్సు నడుస్తోందో లేదో వస్తుంది. షాపులోనే నిలబడి చూసుకోండి. చూస్తుంటే విసుక్కునే షాపులో కొనొద్దు.

పెద్ద దర్గా ఉరుసప్పుడు, దేవుని కడప తేరప్పుడు బండ్ల మీద పెట్టి అమ్మే లైటు ఉంగరాలు, వెలిగే బెలూన్లు, కూతబొమ్మల్లో చాలావాటికి ఆ మార్కు కనిపించదు. పెద్ద పిల్లలు కొనుక్కొచ్చి ఇంట్లో పడేస్తారు, పాకే పిల్లలకు అవి దొరుకుతాయి.

ప్రొద్దుటూరు_జేజి | మంగళవారం, ఉదయం 6.05

చిట్టితల్లీ, మీ అత్తమ్మ అన్నది తప్పు కాదు. మేమూ పెంచినాం. ఏమేమి తప్పించుకుని పెంచినామో మాత్రం ఎవరికీ చెప్పం.

నా పెద్ద మనవడికి వెండి గజ్జెలు నేనే చేయించినాను, ఒక్కో కాలికి పదకొండు మువ్వలు. ఘల్లుఘల్లుమని కాళ్లు కొట్టుకుంటుంటే చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. తొమ్మిదో నెలలో ఒక పొద్దున నూనె పెడుతూ లెక్కబెడితే ఎడమ కాలికి పది ఉన్నాయి. ఇల్లంతా ఊడ్చినాం, జోలె దులిపినాం, పరుపు కింద చూసినాం. దొరకలేదు. మరుసటి రోజు మధ్యాహ్నం వాడి గుడ్డలో వచ్చింది. ఆ పూట నేను అన్నం తినలేకపోయినాను. అది గొంతులోకి పోయి ఉంటే? కంసాలి అతుకు బాగానే వేసినాడు, పిల్లోడు రోజూ కాలు నోట్లో పెట్టుకుని చీకేది, అతుకు అరిగిపోయింది.

అప్పటి నుంచి మా ఇంట్లో పిల్లలకు మువ్వల్లేని సాదా కడియాలే. నల్లపూసల తాడు, వసకొమ్ము గాజులు కూడా ఏడాది దాటే దాకా వద్దంటాను. దిష్టికి బుగ్గన చుక్క చాలు.

కర్నూలు_చిట్టితల్లి | మంగళవారం, ఉదయం 7.40

జేజీ, మీరు రాసింది మా అత్తమ్మకు చదివి వినిపించాను. ఏమీ అనకుండా లేచిపోయి పాప చేతి నల్లపూసలు తనే విప్పేశారు. మీకు దండాలు.

తాడిపత్రి_నాన్న | మంగళవారం, ఉదయం 9.30

ఆ వాకర్ అట్టపెట్టె విప్పొద్దు చెల్లెమ్మా. ఎట్లుందో అట్లే వాపసు ఇచ్చెయ్.

మా బాబుకు ఎనిమిదో నెలలో నేనే కొన్నాను. మా ఊరి ఇళ్ల సంగతి తెలుసు కదా, కిందంతా పాలిష్ పట్టిన నల్ల నాపరాళ్లే. చక్రాలు వాటి మీద జారినట్టు పోతాయి. వాడు ఒక్క తోపు తోస్తే నడవ ఈ చివర నుంచి ఆ చివరకు. అందరం చప్పట్లు కొట్టి నవ్వినాం. ఆ ఆదివారం వీధి తలుపు తీసి ఉంది. గడప లేదు, బయట రెండు మెట్లు. నేను వాడికి నాలుగడుగుల దూరంలో కూర్చుని పేపరు చదువుతున్నాను. మళ్లీ చెప్తున్నా, నాలుగడుగులే. పేపరు పడేసి లేచేసరికి వాడు వాకర్‌తో సహా మెట్ల కింద తలకిందులుగా ఉన్నాడు. పై పెదవి చీలింది, నుదురు కోడిగుడ్డంత వాచింది. రెండు కుట్లు పడ్డాయి. ఆ రాత్రంతా వాడు నిద్రలో ఉలిక్కిపడినప్పుడల్లా నేనూ ఉలిక్కిపడినాను.

తర్వాత చదివితే తెలిసింది. వాకర్‌లో బిడ్డ ఒక్క సెకనులో మూడడుగులు పోగలడంట. పక్కన మనిషి ఉన్నా అందుకోలేడు. కెనడాలో 2004లోనే వీటిని అమ్మడమే నిషేధించారు. పైగా అందులో కూర్చునే పిల్లలకు నడక తొందరగా ఏమీ రాదు, కొందరికి ఆలస్యం అవుతుంది. కాలివేళ్లతో నేలను తన్నడమే నేర్చుకుంటారు, సొంతంగా నిలదొక్కుకోవడం ఎప్పుడు నేర్చుకోవాలి?

ఓబుళదేవర_నగర్_అమ్మ | మంగళవారం, ఉదయం 11.10

అన్నా, మరి పాత కాలం మూడు చక్రాల చెక్కబండి? దాన్ని పట్టుకునే కదా మేమంతా నడిచింది.

నర్సక్క_అనంతపురం | మంగళవారం, మధ్యాహ్నం 2.25

అది వేరు. అందులో బిడ్డ కూర్చోదు, తన కాళ్ల మీద నిలబడి తోస్తుంది. సొంతంగా పట్టుకుని లేచి నిలబడే వయసు వచ్చాక, పెద్దవాళ్లు పక్కనే ఉండి ఆడిస్తే మంచిదే. మేకులు పైకి లేచాయేమో, చెక్క పేళ్లు లేచాయేమో చెయ్యి పెట్టి తడిమి చూడాలి. ఇంట్లో ఎప్పటిదో పాత బండికి రంగు పెచ్చులు లేస్తుంటే మాత్రం ఇవ్వొద్దు. పాత రంగుల్లో సీసం ఉంటుంది, అది పిల్లల మెదడుకు చేటు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదని మన దేశంలో నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. మీ తాతల నాటి బండికి వేసిన రంగు అంతకు ముందుదే కదా.

తాడిపత్రి అన్నా, మీరు పక్కనే ఉన్నారు, మీ తప్పు ఏమీ లేదు. ఆ వాకర్ చేసే పనే అది.

ఆదోని_పెద్దమ్మ | మంగళవారం, రాత్రి 8.45

అందరూ బొమ్మల గురించి రాస్తున్నారు. మా ఇంట్లో ముప్పు వచ్చింది బొమ్మతో కాదు, చెనిక్కాయ విత్తనంతో. రాయకపోతే నాకు మనసు ఊరుకోదు.

మా చెల్లెలి కూతురి బిడ్డకు అప్పుడు పది నెలలు. విత్తనాలు ఒలిచే రోజులు. నడవలో గోతాలు కుమ్మరించి ఆడవాళ్లం అందరం చుట్టూ కూర్చుని ఒలుస్తున్నాం. బిడ్డ మా మధ్యలోనే పాకుతా ఉంది. ఒక్కసారి గట్టిగా దగ్గింది, మొహం ఎర్రబడింది, మళ్లీ మామూలైపోయింది. నీళ్లు తాగించినాం, సరిపోయిందనుకున్నాం. మూడో రోజు నుంచి పిల్లికూతలు, జ్వరం. నెమ్ము చేసిందని సిరప్పులు రాసిచ్చారు, రెండు వారాలు వాడినాం. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. చివరికి ఒక పెద్ద డాక్టరు అడిగిన మొదటి మాట "ఈమధ్య ఏదైనా తింటూ పొలమారిందా?" అని. అప్పుడు గుర్తొచ్చింది మాకు. మత్తిచ్చి గొట్టం వేసి చూస్తే కుడి ఊపిరితిత్తి దారిలో అర్ధ బద్ద. ఉబ్బి మెత్తబడి ఉందంట.

మన సీమలో చెనిక్కాయ లేని ఇల్లుందా? చాప మడతల్లో, పరుపు కింద, చాట సందుల్లో ఎక్కడో ఒకటి ఉంటుంది. ఒలిచే పని మిద్దె మీదో, తలుపు వేసిన గదిలోనో పెట్టుకోండి. అయ్యాక ఒకసారి ఊడిస్తే చాలదు, మీరే మోకాళ్ల మీద కూర్చుని బిడ్డ ఎత్తు నుంచి చూడండి. నిలబడితే కనపడనివి అప్పుడు కనపడతాయి. ఐదేళ్లు వచ్చేదాకా గింజను గింజగా పెట్టొద్దు.

ప్రొద్దుటూరు_జేజి | బుధవారం, ఉదయం 6.20

చదువుతుంటే ఒళ్లు జలదరించింది. నర్సమ్మా, ఒకటి చెప్పు. గొంతులో ఏమన్నా ఇరుక్కుంటే మేము నోట్లో వేలు పెట్టి గెలికి తీసేవాళ్లం. అది సరైనదేనా?

నర్సక్క_అనంతపురం | బుధవారం, మధ్యాహ్నం 1.50

జేజీ, వస్తువు కంటికి స్పష్టంగా కనపడి, వేలికి సులువుగా అందితే తీయొచ్చు. కనపడకుండా గెలికితే లోపలికి తోసేస్తాం. చాలా ఇళ్లలో జరిగేది అదే, అందుకే వివరంగా రాస్తున్నా. అందరూ ఇంట్లో వాళ్లకు చదివి వినిపించండి.

బిడ్డ గట్టిగా దగ్గుతున్నా, ఏడుస్తున్నా గాలి ఆడుతున్నట్టే. దగ్గనివ్వండి, ఎత్తుకుని గమనించండి. నీళ్లు పొయ్యొద్దు. దగ్గు, ఏడుపు రెండూ రాకుండా మూగగా నోరు తెరిచి ఉందంటే, పెదాలు నీలంగా మారుతున్నాయంటే గాలి ఆగిపోయింది. ఆ క్షణం నుంచి మీ చేతుల్లోనే ఉంది.

ఏడాదిలోపు బిడ్డను మీ ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టండి. తల ఒంటి కన్నా కిందికి ఉండాలి, దవడను మీ వేళ్లతో పట్టుకోవాలి, మెడ నొక్కకూడదు. అరచేతి మడమతో రెండు రెక్కల ఎముకల మధ్య ఐదు దెబ్బలు, గట్టిగానే. రాకపోతే వెల్లకిలా తిప్పి, రొమ్ము మధ్య ఎముక మీద, చనుమొనల గీతకు కాస్త కింద, ఐదుసార్లు నొక్కండి. మళ్లీ బోర్లా ఐదు, మళ్లీ వెల్లకిలా ఐదు. వస్తువు బయటపడే దాకో, బిడ్డ ఏడ్చే దాకో ఆపొద్దు. ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. స్పృహ తప్పితే ఫోన్‌లో వాళ్లు చెప్పినట్టు గుండె నొక్కడం మొదలుపెట్టాలి. పెద్దవాళ్లకు చేసినట్టు పసిపిల్లల పొట్ట నొక్కకూడదు. కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయకూడదు.

ఒక దిండు తీసుకుని ఇంట్లో ప్రతి ఒక్కరూ ఒకసారి చేసి చూడండి. చేతులకు ముందే తెలిసుంటే ఆ గడియలో వణకవు.

బొమ్మలకొట్టు_కడప | బుధవారం, రాత్రి 9.15

చిట్టితల్లమ్మా, పాటలు పాడే ఫోను అన్నావు కదా, దాని వెనక మూత స్క్రూతో ఉందా, గోటితో తీస్తే వచ్చేస్తుందా చూడు. బిళ్ల బ్యాటరీలు రూపాయంత ఉంటాయి. సీఆర్ 2032 అనేది 20 మిల్లీమీటర్లు. స్క్రూ లేని మూత ఒక్కసారి కింద పడితే ఊడుతుంది, బ్యాటరీ దొర్లిపోతుంది. మా దగ్గర స్క్రూ లేని సరుకు తీసుకోవడం మానేశాం.

నర్సక్క_అనంతపురం | బుధవారం, రాత్రి 9.40

అన్న చెప్పింది చిన్న విషయం కాదు. బిళ్ల బ్యాటరీ ఆహారనాళంలో ఆగితే తడి తగిలి కరెంటు పారుతుంది, రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. బిడ్డ బయటకు బాగానే కనపడొచ్చు. మింగిందేమోనని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించొద్దు, ఏమీ తినిపించొద్దు, తెల్లారనిద్దాం అనుకోవద్దు. ఎక్స్‌రే, ఎండోస్కోపీ ఉండే పెద్దాసుపత్రికి వెంటనే పోవాలి. రిమోట్లు, బరువు చూసే మిషన్లు, పాడే గ్రీటింగ్ కార్డులు, కారు తాళాలు, వీటిలో చాలావాటిలో ఉండేది ఇదే.

అట్లాగే విడివిడిగా ఊడే అయస్కాంతాలు. రెండు మింగితే పేగులను మధ్యలో పెట్టి అతుక్కుంటాయి.

ఓబుళదేవర_నగర్_అమ్మ | బుధవారం, రాత్రి 10.05

నీళ్లలో వేస్తే ఉబ్బే రంగు పూసలు కూడా చేర్చండి అక్కా. పెద్దోడు స్కూలు ప్రాజెక్టుకు తెస్తే చూసి భయమేసింది. ఆవగింజంత ఉన్నది రాత్రికి గోళీ అయింది. కడుపులో ఉబ్బితే ఏం కావాలి? పగిలిన బెలూను ముక్కలు కూడా. పుట్టినరోజు అయిపోగానే ఒక్క ముక్క మిగలకుండా ఏరాలి.

తాడిపత్రి_నాన్న | గురువారం, ఉదయం 8.10

వద్దన్నవి చాలా అయ్యాయి. ఇంతకీ వేటితో ఆడించాలో కూడా చెప్పండి. మాకు రెండోది పుట్టబోతోంది.

నర్సక్క_అనంతపురం | గురువారం, మధ్యాహ్నం 3.00

మంచి ప్రశ్న అన్నా. మొదటి నెలల్లో బిడ్డకు సరిగ్గా కనపడేది 20 నుంచి 30 సెంటీమీటర్లే. పాలు తాగేటప్పుడు అమ్మ మొహం ఉండేది సరిగ్గా అంత దూరంలో. అంతకు మించిన బొమ్మ ఏ షాపులోనూ దొరకదు. తర్వాత తెలుపు నలుపు గీతలున్న గుడ్డ ఏదైనా. మూడు నాలుగు నెలలకు పట్టుకోవడానికి తేలికపాటి గిలక, ఆరు నెలలకు స్టీలు గిన్నె, గుండ్రటి అంచున్న చెక్క గరిటె. గిన్నె మీద గరిటె పడగానే వచ్చే మోత విని బిడ్డ మొహం చూడండి.

మెలకువగా ఉన్నప్పుడు బోర్లా పడుకోబెట్టి ఆడించడం ముఖ్యం. ఇంకా పాకని పిల్లలకు రోజు మొత్తంలో కనీసం 30 నిమిషాలు, కొంచెం కొంచెంగా, అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఏడాదిలోపు ఫోన్, టీవీ అసలే వద్దని చెప్పిందీ అదే. నిద్రకు మాత్రం వెల్లకిలానే. పక్కన దిండు, టెడ్డీ, మెత్తటి బొంత ఏవీ ఉండకూడదు.

ప్రొద్దుటూరు_జేజి | గురువారం, సాయంత్రం 5.30

బోర్లా ఆడించడం మేము కాళ్ల మీద చేసేవాళ్లం. కాళ్లు చాపుకుని బిడ్డను వాటి మీద బోర్లా వేసుకుని వీపుకు నూనె రాస్తుంటే తల ఎత్తి చుట్టూ చూసేది. మాటలు చెప్తే ఊ కొట్టేది. దోబూచులాటకు పైట చెంగు చాలు. మీ నేల నాపరాయి అయితే కింద బొంత పరిచి నాలుగు మూలలూ లాగి సరిచెయ్యి, ముడతలో మొహం పెట్టకుండా.

ఆదోని_పెద్దమ్మ | గురువారం, రాత్రి 7.50

ఫోమ్ ముక్కలు అతికించే మ్యాట్లు కొంటున్నారు ఇప్పుడు. పళ్లొచ్చాక వాటి అంచులు కొరికి తుంచేస్తారు, చూసుకోండి. ఇంకోటి, మనకు నీళ్లు రోజూ రావు కాబట్టి బకెట్లు, డ్రమ్ములు నింపి పెట్టుకుంటాం. పాకే బిడ్డ బకెట్ పట్టుకుని లేచి తల ముందుకు వాలిస్తే మళ్లీ పైకి లేవలేదు. బెత్తెడు నీళ్లే ఉన్నా సరే. మూతలు పెట్టండి, బాత్రూం తలుపు గడియ వేసుకోండి.

కర్నూలు_చిట్టితల్లి | గురువారం, రాత్రి 10.30

నా చెక్క గిలక గురించి మర్చిపోయాను. ఏటికొప్పాకదని చెప్పి ఇచ్చారు. నోట్లో పెట్టుకున్నా పర్వాలేదా?

బొమ్మలకొట్టు_కడప | శుక్రవారం, ఉదయం 10.00

అసలైనదైతే మంచి సరుకమ్మా. అంకుడు కర్రను తిరిగే యంత్రం (లేత్) మీద తిప్పుతూ, చెట్ల నుంచి తీసిన రంగులు కలిపిన లక్కను పట్టిస్తారు. 2017లో దానికి జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2025 గణతంత్ర వేడుకల్లో మన రాష్ట్ర శకటం కూడా ఏటికొప్పాక బొమ్మలదే. నమోదైన హస్తకళాకారులు చేసి అమ్మే వాటికి, జీఐ వాటికి ఐఎస్ఐ నిబంధన నుంచి మినహాయింపు ఉంది, కాబట్టి మార్కు లేదని కంగారు పడొద్దు. అదే పోలికలతో రసాయన రంగులు పూసినవి కూడా వస్తున్నాయి. తెల్ల గుడ్డ తడిపి గట్టిగా రుద్దు. రంగు అంటితే ఇవ్వొద్దు. అంటకపోయినా లోపల గింజలు బయటికొచ్చే పగులు ఎక్కడైనా ఉందేమో వెలుతురులో తిప్పి చూడు. కొండపల్లి బొమ్మలు మాత్రం కొలువులో పెట్టుకోవడానికే, నోటికి కాదు.

కర్నూలు_చిట్టితల్లి | ఆదివారం, రాత్రి 9.20

అందరికీ చెప్పాలని వచ్చాను. ముప్పై చిల్లరలో ఏడు మిగిలాయి. తడిపి లాగితే రెండు గిలకల మూతలు ఊడాయి, లోపలి గింజలు కందిపప్పంత ఉన్నాయి. ఫోను వెనక స్క్రూ లేదు, బ్యాటరీ తీసి టేపు చుట్టి ఎవరికీ అందకుండా వేరుగా పెట్టాం. చెక్క గిలక రంగు అంటలేదు, పగులు లేదు. వాకర్ తెచ్చిన మా అన్నకు తాడిపత్రి అన్న రాసింది పంపాను. చదివి తనే వచ్చి వాకర్ తీసుకుపోయాడు, బదులు గుడ్డ బంతి తెచ్చాడు.

దిండుతో ఇంటిల్లిపాదీ నేర్చుకున్నాం. అత్తమ్మ దెబ్బ నాకన్నా సరిగ్గా పడింది.

టెడ్డీని పారెయ్యబుద్ధి కాలేదు. కళ్లు రెండూ కత్తిరించేసి, ఆ చోట నల్ల దారంతో కుట్టాను. ఒక్క సందేహం: ఉయ్యాలకు వేలాడదీసిన చిలకల దండ ఉంచొచ్చా?

నర్సక్క_అనంతపురం | ఆదివారం, రాత్రి 9.45

తీసెయ్ చెల్లీ. పాప చేతుల మీద పైకి లేవడం మొదలయ్యే వయసు ఇదే, మెడకు చుట్టుకోవచ్చు. ఏ బొమ్మకైనా తాడు జానెడు దాటకూడదు.

ఆదోని_పెద్దమ్మ | ఆదివారం, రాత్రి 10.00

కళ్లకు కుట్టిన నల్ల దారం రంగు వదులుతుందేమో, ఉప్పునీళ్లలో నానబెట్టి చూసినావా తల్లీ?

కర్నూలు_చిట్టితల్లి | ఆదివారం, రాత్రి 10.10

నిన్ననే నానబెట్టి చూశాను పెద్దమ్మా, వదల్లేదు. దండ కూడా ఇప్పుడే విప్పేశాను. పాప మెలకువగానే ఉంది, టెడ్డీ ఎడమ చెవి చీకుతోంది.